సింహళం తాడు

ఖాదర్‌వలీకి కంటిమీద కునుకు లేదు.

ఏటి అవతలి పిల్లలు గుండ్రటి పుట్టి పడవ ఎక్కి, అతని గురువైన బాబా దగ్గరికి చదువుకోను వస్తారు. ఈ దరి నుంచి ఆ దరికి కట్టిన తాడు పట్టుకుని లాగితేనే పుట్టి కదిలేది. పోయిన వానల్లో ఆ తాడు తెగింది. ఈతగాళ్ళు దూకి పిల్లల్ని గట్టుకు చేర్చారు గానీ, ఆనాటి కేకలు ఖాదర్ చెవుల్ని వదల్లేదు.

కొత్త తాడు చూసే పని బాబా అతనికే అప్పగించారు. తెగిన తాడు పడమటి తీరానిది. అందుకని ఖాదర్ సంతలో దండోరా వేయించాడు: సింహళం తాడు తప్ప మరే దేశపు తాడూ కొనేది లేదని.

పడమటి వర్తకుడు బసప్ప తాళ్ళ మోపు దించబోతే ఖాదర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"చూడకుండానే పొమ్మంటే ఎట్లా సాయిబూ? పిల్లను చూడకుండా ఊరి పేరు విని సంబంధం వద్దన్నట్టుంది!"

"పసివాళ్ళ ప్రాణాలయ్యా. నీతో వాదించలేను," అన్నాడు ఖాదర్.

సింహళం తాడు వచ్చింది. మర్నాడే కట్టాలి. ఖాదర్ ఆ చుట్టను మోసుకొచ్చి ఏటిగట్టున బాబా ముందు దించాడు. ఏరు ఎర్రగా పొంగుతోంది.

"అచ్చంగా సింహళానిదే బాబా. ఇక దిగులు లేదు."

"అల్లా దయ," అంటూ బాబా ఒక కొస నడుముకు బిగించుకున్నారు. రెండో కొస అతని చేతికిచ్చారు. "పట్టుకో. స్నానం చేసొస్తాను."

"ఈ వరదలోనా!"

"తాడుందిగా."

బాబా నీళ్ళలో కాలు పెట్టారు.

"ఆగండి బాబా, ఒక్క క్షణం!"

ఖాదర్ తాడును బారలు బారలుగా లాగుతూ వేళ్ళతో నొక్కి చూడసాగాడు. మధ్యలో ఒకచోట మెత్తగా తగిలింది. పురి విప్పాడు. లోపలి నార నల్లగా మురిగి ఉంది. నలిపితే పొడి రాలింది.

అతను ఆగకుండా మిగతా తాడును కూడా తడమసాగాడు.

"సింహళానిదే కదా నాయనా, ఇంకా తడమడం దేనికి?" అన్నారు బాబా.

"కట్టుకున్నది మీరు కదా బాబా..."

అంటూనే ఖాదర్ తలెత్తి చూశాడు. అవతలి గట్టున పిల్లలు కేరింతలు కొడుతూ ఆడుకుంటున్నారు.

ఖాదర్ తలవంచుకుని అడిగాడు. "మరి ఏ దేశానిది తెప్పించను?"

బాబా గట్టెక్కి, శిష్యుడి చల్లబడిన చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నారు.

"నీ భయం మంచిదేరా పిచ్చివాడా. దాన్ని ఓడెక్కించి దేశాలకు పంపకు. తాడు తడిమిన ఈ వేళ్ళల్లోనే ఉండనీ."