పుట్టబోయే మనిషి బొమ్మ

నరహరి మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, ఏదో ఒక పని అప్పజెబుతారు. ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకునేవాళ్ళందరికీ అది అనుభవమే.

హైదరాబాదులోని ఆయన ఇంటికి కొన్నేళ్ళుగా వస్తున్న యామిని, ఒకనాడు ఆఫ్రోఫ్యూచరిజం మాట ఎత్తింది. నల్లజాతి రచయితలూ చిత్రకారులూ సంగీతకారులూ తమవాళ్ళ భవిష్యత్తును ఊహించి చేసే కళకు ఆ పేరు. అందులో తాతల నాటి దేవతలు అంతరిక్ష నౌకలెక్కుతారు, పాత డప్పుల మోత కొత్త గ్రహాల మీద వినిపిస్తుంది. యామిని ఆ పుస్తకాలు చదివింది, ఆ చిత్రాలు చూసింది. మనసు మాత్రం ఒప్పుకోలేదు.

"గొలుసులు వేసి ఓడల్లో ఎత్తుకుపోయారు వాళ్ళను. అంత బాధ పడినవాళ్ళు జరిగింది చెప్పాలి గాని, నక్షత్రాల్లో ఊళ్ళు కట్టుకోవడమేమిటి మాస్టారూ? తప్పించుకోవడం కాదా అది?"

మాస్టారు కుంచెలు కడుగుతూ, "మునీరాబీ తన ఇంట్లో గోడకు బొమ్మ కావాలంటోంది. వాళ్ళ ముత్తాతదట. వెళ్ళి వేసిరా," అన్నారు.

మునీరాబీ సిద్దీల ఆడపడుచు. నిజాం కాలంలో ఆమె ముత్తాతను గుర్రపు దళానికని ఆఫ్రికా నుంచి తెచ్చారు. ఇప్పుడు ఆ ఇంటివాళ్ళు పెళ్ళిళ్ళలో మర్ఫా డోళ్ళు వాయిస్తారు. నిండు నెలలతో ఉన్న కూతురు పురిటికి వచ్చి ఉంది.

ముత్తాత ఫొటో ఒక్కటీ లేదు. యామిని అప్పటి సిపాయిల చిత్రాలు వెతికి చూసి, గోడ మీద బొగ్గుతో గీసింది. తలపాగా, చేతిలో బల్లెం, వెనక కోట తలుపు. మునీరాబీ చాలాసేపు చూసింది.

"మంచిగ గీసినవ్ బిడ్డా. కానీ ఎవరు గీసినా మమ్మల్ని ఎవరిదో తలుపు కాడనే నిలబెడతరు."

యామినికి ముఖం చెల్లలేదు. "పోనీ ఆయన సొంత ఊరు గీస్తాను. ఏ ఊరు?"

"తెల్వదు. ఆయన పేరు గూడ ఇక్కడోళ్ళు పెట్టిందే." మునీరాబీ కూతురి వైపు చూసింది. "ఆయన్ని తుడవకు. పక్కన, దీని కడుపుల ఉన్న పిల్ల పెద్దగైనంక ఎట్లుంటదో గియ్యి. ఆకాశం దాటిపోయే విమానం నడపాలె. జుట్టు మాత్రం మాదే ఉండాలె. అది దిగే ఊరికి పేరు నేను పెడత."

"పిల్లో పిలగాడో ఏం తెలుసు అమ్మీ?" కూతురు నవ్వింది.

"ఎవరైనా నడుపుతరు."

యామిని కూతురిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ ముఖంలో పుట్టబోయే పిల్ల పోలికలు వెతుక్కుంటూ గీసింది. ఊరి పేరు కోసం ఇంటిల్లిపాదీ వాదులాడుకున్నారు. చివరికి మునీరాబీ డోలు మీద ఒక దరువు వేసి, ఆ మోతనే పేరుగా పలికింది. అర్థమేమిటని యామిని అడగలేదు. ముగించే ముందు ఎవరూ చెప్పకుండానే ముత్తాత వెనక తలుపు చెరిపేసింది. ఆయన చూపును పక్కన గీసిన పిల్ల వైపు తిప్పింది.

పుట్టింది మగపిల్లాడు. మునీరాబీ వాడిని ఎత్తుకుని గోడ దగ్గరికి తీసుకుపోయి, చెవిలో ఆ ఊరి పేరు చెప్పింది. యామిని పక్కనే నిలబడి చూసింది.

మర్నాడు మాస్టారికి అంతా చెప్పి, "ఆ ఊరు లేదు, ఆ మనిషీ లేదు. నేను వేసినదాంట్లో నిజం ఎంత మాస్టారూ?" అంది.

మాస్టారు చేతిలో కుంచె కింద పెట్టారు.

"ఆ ముత్తాత ఊరినీ పేరునూ లేకుండా చేసిన రోజున, ఈ ప్రశ్న ఎవరూ అడగలేదమ్మా," అన్నారు.