అడుగు కోసం కాచుకున్నవి

పెన్నేటి ఒడ్డున ఒక దర్గా ఉండేది. అక్కడి గురువు దాదాపీర్ బాబా. ఆయన శిష్యుడు మౌలాలి చిల్లాకు కూర్చున్నాడు. అంటే నలభై రోజులు ఒంటరిగా గదిలో ఉండి దేవుణ్ణి తలుచుకోవడం. గడువు తీరి బయటికొచ్చినవాడి ముఖంలో వెలుగు లేదు, విసుగుంది.

"నేను పోతా ఉండా బాబా. ఎంత కాచుకున్నా ఆయన రాలేదు. ఇంక నాకు చేతగాదు."

"అట్లే పోదువులే. ఉరుసు పండక్కి వచ్చేవాళ్లకు మూల గది కావాల. అది ఊడ్చిపెట్టి పో," అన్నాడు బాబా.

ఎండాకాలంలో ఆ గదిలో ఒక పిల్లి ఈని, కూనల్ని పెంచుకుని వెళ్లిపోయింది. అప్పటినుంచి తాళమే. మౌలాలి తలుపు తీసి చూశాడు.

"ఏముంది బాబా, ఈగ కూడా లేదు."

"లోపలికి పోయి కాలు గట్టిగా నేలకు తాటించు."

తాటించాడు. అంతే! బండల సందుల్లోంచి నల్లటి చుక్కలు టపటపా ఎగిరి తెల్ల లుంగీకి అంటుకున్నాయి. పిల్లి ఒంటి మీద ఉండే గెంతుడు పురుగులు! మౌలాలి ఒక్క గెంతులో వాకిట్లో పడ్డాడు. పురుగు కంటే తనే బాగా గెంతాడు, చెప్పుకోవాలంటే.

"ఇన్నాళ్లూ ఏం తిని బతికినాయి?"

"ఏమీ తినలేదు. గూడు కట్టుకుని, లోపల కదలకుండా కూర్చున్నాయి. అడుగు అదిరితే చాలు, గూడు చీల్చుకుని వస్తాయి. ఆవగింజంత లేదు, దాని ఓపిక చూడబ్బీ!" బాబా కళ్లు మెరిశాయి. నిజంగానే ముచ్చటపడ్డాడాయన.

మరుక్షణమే చీపురు చేతికిచ్చాడు. "సందులన్నీ ఊడ్చు. చాపలు ఎండలో వెయ్యి. బండల మీద మసిలే నీళ్లు పొయ్యి."

"ఇప్పుడే కదా మెచ్చుకుంటిరి!"

"మెచ్చుకుంటే పక్కలో పండబెట్టుకోవాల్నా?"

పని అయ్యేసరికి పొద్దు వాలింది. మౌలాలి చేతులు కడుక్కుని బాబా దగ్గరికి వచ్చాడు.

"మనం రాకపోయుంటే వాటి గతి ఏంది బాబా?"

"రాకపోతే ఎట్లా అని లెక్కలేసుకునే పురుగైతే, నీ అడుగు పడేనాటికి ఆ గూట్లో ఉంటాదా?"

మౌలాలి ఎండిన చాప ఒకటి చంకన పెట్టుకుని, తిరిగి చిల్లా గదిలోకి పోయాడు. ఊరికి పోయే బస్సు వచ్చింది, కాసేపు ఆగి హారన్ కొట్టింది, వెళ్లిపోయింది.