పడుగు సాచే వాకిలి

దస్తావేజుల లేఖరి పురుషోత్తం గారికి ఒక అలవాటు ఉండేది. ఇల్లు కొనేవాళ్లు ఎవరు వచ్చినా, కాగితం రాసే ముందు ఒకసారి పొద్దు పొడిచే వేళ వెళ్లి ఆ ఇంటిని చూసి రమ్మనేవారు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న పరాంకుశానికి ఇది చాదస్తంగా తోచింది. నాలుగు హద్దులూ కొలిచి, పాత దస్తావేజులన్నీ తిరగేశాక ఇంకా చూడవలసింది ఏముంటుందని ఒకనాడు అడిగాడు. గురువుగారు కలం పక్కన పెట్టి తులశమ్మ సంగతి చెప్పారు.

తులశమ్మ ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. నేతపేట చివర ఒక పెంకుటిల్లు, దాని ముందున్న పొడవాటి వాకిలి చూసి ముచ్చటపడింది. చూసింది ఒక్కసారే, అదీ ఎండవేళ. పురుషోత్తం గారు దస్తావేజు చదువుతుంటే హద్దుల దాకా విని, మిగతాది మీరు రాసిందే కదా బాబూ, తప్పేముంటుందని సంతోషంగా లేచి వెళ్లిపోయింది. ఆయనా పట్టుబట్టలేదు. వాకిలి ముందు ప్రహరీ కట్టాలని ఆ వారమే ఇటుకలు తోలించింది.

కొత్త ఇంట్లో మొదటి ఉదయం తలుపు తీసేసరికి వాకిట్లో జనం. మగ్గానికి ఎక్కించే నిలువు దారాల వరస, ఎర్రటి పడుగు, వీధిలో మొదలై ఆమె వాకిలి చివరిదాకా సాచి ఉంది. పదిమంది దానికి గంజి పట్టించి కుంచెలతో దువ్వుతున్నారు. ఇది నా ఇల్లని తులశమ్మ గొంతు పెంచింది. గంజి ఆరితే దారం పాడవుతుంది గనుక, వాళ్ల పెద్ద నాగభూషణం చెయ్యి ఆపకుండానే, ఇల్లు మీదేనమ్మా, కాగితం ఒకసారి చూసుకోండి అన్నాడు.

ఆమె కాగితం పట్టుకుని లేఖరి దగ్గరికి వచ్చింది. ఆయన హద్దుల కింద ఉన్న వాక్యం చదివి వినిపించారు. వాకిలికి తూర్పు వైపున ఆరడుగుల వెడల్పు మేర, పొద్దు పొడిచింది మొదలు ఎండ ముదిరే వరకు, పేట నేతగాళ్లకు పడుగు సాచుకొనే హక్కు కలదు. వీధి ఆ ఇంటి దగ్గరే మలుపు తిరుగుతుంది; ఆ ఆరడుగులు లేకపోతే నిండు పడుగు సాచడానికి పేటలో మరో చోటు లేదు. అమ్మినవాళ్లు ఏదీ దాచలేదు. కోప్పడదామంటే మనిషి దొరక్క, తులశమ్మకు మరీ దుఃఖం వచ్చింది. ఇల్లు తిరిగి అమ్మేద్దామని కూడా అనుకుంది.

మర్నాడు ఇంకా ఎండ రాకముందే ఎవరో తలుపు తట్టారు. నాగభూషణం భార్య చౌడమ్మ, పళ్లెంలో తాంబూలంతో నిలబడి ఉంది. వెనక వీధిలో పడుగు మోస్తున్నవాళ్లు ఆగి ఉన్నారు.

“పడుగు సాచుకోమంటారా వదినగారూ?” అంది చౌడమ్మ.

అడగవలసిన పని వాళ్లకు లేదు. ఆ సంగతి తులశమ్మకూ తెలుసు. ముప్ఫై ఏళ్లు అద్దె ఇళ్లలో గోడకు మేకు కొట్టాలన్నా, చెల్లెలు వస్తే నాలుగు రోజులు ఉంచుకోవాలన్నా తనే ఒకరి గుమ్మం ముందు నిలబడి అడిగింది. తనను ఒకరు అడగడం ఇదే మొదలు. కళ్లు తుడుచుకుని తాంబూలం అందుకుంది.

“సాచుకోండి వదినగారూ, ఈ కొస నేను పట్టుకుంటాను.”

పట్టుకోవడం చేతగాక గంజంతా చీర మీద పోసుకుంది. పేటవాళ్లు నవ్వారు. అందరికంటే ఎక్కువ తులశమ్మే నవ్వింది. ఆ మధ్యాహ్నం వచ్చిన తాపీమేస్త్రీతో గోడ వద్దని చెప్పి, ఆరడుగులు వదిలి అరుగు కట్టించుకుంది. నెల తిరిగేసరికి తెగిన పోగులు అతకడం నేర్చింది. ఇప్పుడు ఆమె లేవడం ఆలస్యమైతే పేటంతా కంగారు పడుతుంది.

పరాంకుశం, ముందుగానే పొద్దున వెళ్లి చూసి ఉంటే ఆవిడ ఆ ఇల్లు కొనేదా అని అడిగాడు.

గురువుగారు కలం అందుకున్నారు. “ఏమో నాయనా. పొద్దున ఆ వాకిట్లో పేటంతా పడుతుంది. ఎండవేళ చూస్తే మాత్రం ఆ ఇల్లు చాలా చిన్నది.”