నక్క తవ్విన చెలమ

ఎండిపోయిన వాగు ఒడ్డున ఏదుపంది పోలమ్మకు రెండు గదుల బొరియ ఉంది. వాగు ఇసుకలో చెలమ తవ్వుకుని, అందులో ఊరే నీళ్ళతో ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. కార్చిచ్చులో ఇల్లు కాలిపోయిన నక్క వీరాసామి వచ్చి, తొలకరి దాకా ఒక గది అడిగాడు. అద్దె కింద రోజూ దుంపలు తెచ్చిస్తానన్నాడు.

"మరి నీళ్ళో, అక్కా?"

"నీళ్ళదేముంది తమ్ముడూ, అద్దెలోనే!" అనేసింది పోలమ్మ. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఆ పూట ఆమెకు తోచలేదు.

వీరాసామి మొదట తాగాడంతే. తర్వాత స్నానాలు మొదలుపెట్టాడు. ఎండలు ముదిరాక, గది చల్లబడాలని తోక ముంచి తెచ్చి నేలంతా తడిపాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, చుట్టాలను కూడా పిలిచి జలకాలాడించాడు. ఊరిన నీళ్ళు ఊరినట్టే అయిపోతున్నాయి. పోలమ్మ చిన్నపిల్ల నాలుక బయటపెట్టి మూలన పడిపోయింది. పిలిచినా లేవడం లేదు.

"తమ్ముడూ, కాస్త చూసి వాడు. పిల్లకు గుక్కెడు కూడా మిగల్లేదు."

"అద్దెలోనే అన్నది నువ్వే కదక్కా? వేసవి మధ్యలో మాట మారిస్తే ఈ అడవిలో నిన్నెవరు నమ్ముతారు?"

పోలమ్మ ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. గెంటేస్తే మాట పోతుంది, ఊరుకుంటే పిల్ల పోతుంది. ఆమె కోపం దిగమింగి పిల్ల పక్కనే కూర్చుండిపోయింది.

చెలమంటే బావి కాదు. ఇసుక జారి రోజూ పూడిపోతుంది, రోజూ మళ్ళీ తవ్వాలి. ఇన్నాళ్ళూ ఆ చాకిరీ పోలమ్మదే. మర్నాడు ఆమె పాత చెలమను ముట్టుకోలేదు. వాగు మలుపులో చిన్నది తవ్వి పిల్ల నోట్లో నీళ్ళు పోసింది. పిల్ల కళ్ళు తెరిచింది.

వీరాసామి చుట్టాలతో స్నానానికి దిగాడు. "చెలమేదక్కా?"

"అక్కడే ఉంది, ఇసుక కింద."

"తవ్వలేదేం?"

"నీళ్ళు అద్దెలోనే అన్నాను, ఆ మాట మీదే ఉన్నా. తవ్విపెడతానని ఎప్పుడన్నాను?"

"ఇదేమన్నా బ్రహ్మవిద్యా!" అంటూ వీరాసామి నిట్టనిలువునా తవ్వేశాడు. చెమ్మ తగిలిందో లేదో, గట్టు కూలి మెడదాకా ఇసుకలో కూరుకుపోయాడు. చుట్టాలు పరుగో పరుగు.

"అక్కా, చచ్చానే!"

వదిలేసి పోదామని పోలమ్మకు నిజంగానే అనిపించింది. అయినా మనసొప్పక గబగబా ఇసుక తోడి బయటికి లాగింది. "వాలుగా తవ్వాలి నాయనా. పో, మళ్ళీ మొదలుపెట్టు."

సాయంత్రానికి గోళ్ళరిగితే దోసెడు బురదనీళ్ళు ఊరాయి. అప్పుడే చుట్టాలు తిరిగొచ్చారు. ఒకడు హాయిగా కాలు పెట్టబోయాడు.

వీరాసామి పళ్ళు బయటపెట్టాడు. "దాహమైతే నాక్కుని పో! కాలు ముంచావంటే కొరికేస్తా!"

గది ఇచ్చేముందే నీళ్ళ లెక్క తేల్చుకోకపోతే, ముందు ఎండేది ఇచ్చినవాళ్ళ గొంతే.