బుచ్చవ్వ చెప్పుల గంప

అనగనగా అంటే నిన్నామొన్నా కాదు, సూర్యుడికి ఇంకా మూతి మీద మీసం మొలవని కాలం. తుమ్మలగడి అనే ఊళ్లో ఒక దొర, ఆ దొరకో గడి, కోటలాంటి ఇల్లు. మీరు చూసిన గడీల్లాంటిది కాదు. పొద్దున కింద నుంచి ఎగిరిన కాకి సాయంత్రానికి గాని గోడ మీద వాలేది కాదు, దారిలో రెండు చోట్ల గూడు కట్టుకుని మరీ. అబద్ధమైతే నా నాలుక మీద నిప్పు పెట్టండి.

ఆ గడికి ఒక కట్టడి. వచ్చినవాళ్లు వాకిట్లో చెప్పులు విడవాలి, నడుం వంచాలి, వెనక్కి వెనక్కి నడిచి బయటికి రావాలి. విడిచిన చెప్పులకు కాపలా బుచ్చవ్వ. నలభై ఏళ్లు కాసింది. మూడు వేల జతల్లో మీ జతను కళ్లు మూసుకుని తీసిచ్చేది. ఆమెకు మాత్రం ఒక్క జత లేదు.

దొర పోయాడు. పిల్లల్లేరు. పోయేముందు ఏ దేవుడు బుద్ధి పుట్టించాడో, ఒక కాగితం రాశాడు. మూడు సంతల్లోపు ఊరివాళ్లు గడిలో కూర్చుని ఒక్క తీర్పు చేస్తే గడి ఊరిది. లేదంటే మేనల్లుడిది.

మేనల్లుడు అప్పటికే తాళాలు తెచ్చిపెట్టుకున్నాడు, గడి వాకిట్లో ఉన్న బావికి కూడా. ఆ ఎండాకాలం ఊళ్లో నీళ్లున్నది ఆ ఒక్క బావిలోనే. దానికి తాళం పడితే ఊరు వలసపోవాల్సిందే.

మొదటి సంతనాడు పట్వారీ అనంతయ్య బయల్దేరాడు. గడప దగ్గర కాళ్లు ఆగాయి. చెప్పులు విడిచాడు, నడుం వంచాడు, లోపలున్న దొర ఖాళీ కుర్చీకి దండం పెట్టి వెనక్కి వెనక్కి నడిచి వచ్చేశాడు.

"ఏమైంది పంతులూ?" అన్నారు.

"నేను పోదామనే అనుకున్న. నడుం వినలె."

రెండో సంతనాడు పహిల్వాన్ మల్లేశం. ఏనుగుకు జలుబు చేస్తుందని దాన్ని చంకలో పెట్టుకుని ఏరు దాటినవాడు. వాడూ చెప్పులు విడిచాడు, నడుం వంచాడు, వెనక్కి వెనక్కి నడిచి వచ్చేశాడు.

"ఏందిర మల్లిగా, కుర్చీ కొట్టిందా?" అంది బుచ్చవ్వ.

"నవ్వకు అవ్వా. నువ్వు పోయి చూడు."

మూడో సంతనాడు ఊరంతా వచ్చింది. అలవాటు కొద్దీ అందరూ చెప్పులు విడిచి గోడ నీడలో నిలబడ్డారు. ఒక్కరూ కదల్లేదు. దూరంగా మేనల్లుడి గుర్రం దుమ్ము లేస్తోంది.

బుచ్చవ్వ లేచింది. మూడు వేల జతలూ ఒక్క గంపకెత్తింది. గంప నెత్తిన పెట్టుకుని నడిచింది. గడప దగ్గర ఆమె కాళ్లు ఆగలేదు. విడవడానికి వాటికేముంది? నడుమూ వంగలేదు. నెత్తిన గంపతో వంగేదెలా? నడిమింట్లో గంప బోర్లించి కేకేసింది.

"మీ చెప్పులు ఈడున్నయ్ బిడ్డా. కావాల్నంటే లోపలికొచ్చి తొడుక్కోండ్రి."

అప్పటికే మిట్టమధ్యాహ్నం. గోడ నీడ గోడ కిందికే పోయింది. బండలు రొట్టె కాలేంత వేడెక్కాయి. పట్వారీ ఒంటికాలి మీద గెంతాడు, మల్లేశం రెండు కాళ్ల మీద గెంతాడు, వాళ్ల వెనక ఊరంతా గెంతుతూ లోపలికొచ్చి పడింది. నేల చల్లగా తగిలింది. మూడు వేలమంది ఒక్కసారి 'హమ్మయ్య' అని ఊపిరి వదిలితే పక్క ఊళ్లో ఆరేసిన బట్టలు ఎగిరిపోయాయి.

ఎవరి జత వాళ్లు తొడుక్కుని చూసుకుంటే, దొర కుర్చీ ముందు చెప్పులతో, నిటారుగా ఉన్నారు.

"ఇగ తీర్పు చెయ్యండ్రి," అంది బుచ్చవ్వ.

"ఏం తీర్పవ్వా?"

"బాయికి తాళమొద్దని."

అక్కడే చల్లటి నేల మీద కూర్చుని చేశారు. అంతలో మేనల్లుడు దిగాడు. వాకిట్లోకి రాగానే, పాపం, అలవాటు కొద్దీ తనే జోళ్లు విడిచాడు.

"నీ జోళ్లు నేను చూస్త గాని, నువ్వు నీళ్లు తాగి పో బిడ్డా," అంది బుచ్చవ్వ. తాగాడు. తొడుక్కున్నాడు. పోయాడు.

ఊరు బుచ్చవ్వకు చెప్పులు కుట్టించింది. ఆమె మూడడుగులు వేసి, "కరుస్తున్నయ్" అని వాటిని దొర కుర్చీలో పెట్టేసింది. ఆమె పోయినా అవి అక్కడే ఉన్నాయి. గడి ఇప్పుడు ఊరి కచేరీ, తీర్పులన్నీ అక్కడే. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు. గడప దగ్గర ఎవరైనా జంకుతూ నిలబడితే, లోపలున్నవాళ్లు తలెత్తి ఒకటే మాట అంటారు:

"కాళ్లు కాలుతలేవా? లోపలికి రా."