కత్తి తెరిచిన కాయ

ఎండిన కాయల్ని మాక్రో లెన్స్‌తో నలుపు తెలుపుల్లో చిత్రించడం నేర్పే పురుషోత్తం మాస్టారిని శిష్యురాలు హైమవతి ఒకనాడు విసుగ్గా అడిగింది. "నాలుగు రోజులుగా చూస్తున్నాను, ఈ కాయ విచ్చుకోదు. రేపటితో ప్రదర్శన గడువు ముగుస్తుంది. బ్లేడుతో తెరిస్తే తప్పేమిటి మాస్టారూ? రంగే లేని ఫొటోలో పచ్చిదో ఎండుదో ఎవరికి తెలుస్తుంది?"

మాస్టారు కెమెరా పక్కన పెట్టారు.

"అనకాపల్లి దారిలో సింహాచలమ్మ ఇంటి ముందు ఒక దేవకాంచనం ఉండేది. చనిపోయిన ఆమె కూతురు నాటిన చెట్టు. రోడ్డు వెడల్పు చేస్తూ దాన్ని కొట్టేస్తామన్నారు. కాయలు ఎండి గింజ ముదిరేదాకా ఆగమని బతిమాలడానికి ఆమె కాంట్రాక్టరు దగ్గరికి బయలుదేరింది. 'ఫొటో తీసుకో బాబూ, ముట్టుకోకు' అని, ఆ కాయల ఫొటో కోసం వచ్చిన నాకు చెప్పి మరీ వెళ్లింది.

"ఆ ఏడు చెట్టుకు పన్నెండే కాయలు. ఒకటి కోసి తెరిచాను. గింజల వరుస కుదరలేదు. ఇంకొకటి కోశాను. పన్నెండోది కుదిరింది.

"పది రోజుల గడువు సంపాదించుకుని ఆమె సంతోషంగా తిరిగి వచ్చింది. నేలమీద కాయలు చూసింది.

"'ఎండితే దానంతటదే పేలును కదా బాబూ! కత్తెట్టమని నీకెవులు సెప్పినారు?'

"నేనేమన్నానో తెలుసా? 'ఫొటోలో రంగు రాదమ్మా, పచ్చివని ఎవరికీ తెలియదు' అన్నాను. ఆమెను ఊరడిస్తున్నాననుకున్నాను!"

మాస్టారు ఆ మాటల్ని కోపంగా పలికారు. ఆ కోపం ఎవరిమీదో హైమవతికి అర్థమైంది.

"'ఎవులికి తెలవాలి బాబూ? నా గుంట నాటిన సెట్టది. ఈ పచ్చి గింజలు మొలుస్తాయేటి? ఇప్పుడు నేనేటి నాటుకోను?' అంది. పదకొండో రోజున చెట్టు కొట్టేశారు."

హైమవతి నెమ్మదిగా అడిగింది. "ఆ ఫొటో ఏమైంది మాస్టారూ?"

"మొదటి బహుమతి వచ్చింది. గింజలు సజీవంగా ఉన్నాయన్నారు."