అల్లుడు చెప్పిన సినిమాలు

చోడవరం మొత్తానికి తెలివంటూ ఉంటే అది తమ ఇంట్లోనే ఉందని గవరమ్మకి గట్టి నమ్మకం. వానలో విప్పితే గొడుగు తడిసి పాడవుతుందని దాన్ని కొంగు కింద దాచుకుని నడిచే బుద్ధిమంతులు ఇంకెవరున్నారు గనక? మొగుడు పైడయ్యదీ అదే తెలివి. కూతురు నూకాలుకి ఇద్దరిదీ కలిపి వచ్చింది.

అలాంటి ఇంటికి పెళ్ళయ్యాక మొదటిసారి అల్లుడు సన్యాసిరావు వచ్చాడు. అతనికి సినిమాల పిచ్చి. విడుదలైన ప్రతి బొమ్మా అనకాపల్లి వెళ్ళి చూసేస్తాడు. ఎలా ఉందని అడిగితే ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఆ సినిమాలన్నీ చోడవరం హాలుకి తీరిగ్గా వస్తాయి. అల్లుడి మాట జవదాటకుండా చూసొచ్చి, అత్తగారు గట్టిదే అనిపించుకోవాలని గవరమ్మ ఆరాటం.

"కామెడీ బొమ్మొకటి ఆడుతోంది, ఎలా ఉంటుంది బాబూ?" అని అడిగింది.

"పొట్ట చెక్కలైపోతుంది అత్తయ్యా."

ఇంకేముంది, మంచానికున్న నులక విప్పేశారు. ముగ్గురూ పొట్టల చుట్టూ బిగించి కట్టుకుని హాలుకి వెళ్ళారు. జనమంతా పగలబడి నవ్వుతుంటే వీళ్ళకి ఊపిరే ఆడలేదు. పైడయ్య కళ్ళు తేలేశాడు. ఇంటికి మోసుకొచ్చాక గవరమ్మ అతని పొట్ట తడిమి చూసి, "ఎక్కడా చెక్కలవలేదు బాబూ, నీ మాటే కాపాడింది" అంది. అల్లుడికి ఏం అర్థం కాలేదు. ఆ రాత్రి మాత్రం నులక లేని మంచం చూసి నేల మీద పడుకున్నాడు.

తర్వాత వచ్చింది ఏడుపు సినిమా.

"అది గుండె రాయి చేసుకుని చూడాలి" అన్నాడు సన్యాసిరావు.

"గుండె రాయెలా అవుతుందే అమ్మా?" అంది నూకాలు.

"అవదు కాబట్టే పట్టుకెళ్ళాలి" అంది గవరమ్మ. రుబ్బురోటి పొత్రం తీసి, గుండెలకి ఆనించి కొంగుతో కట్టుకుంది. తెర మీద తల్లి కన్నుమూసింది. గవరమ్మ ఆపుకోలేక ముందుకు వంగి భోరుమంది. అంతే, ముడి జారింది. పొత్రం వెళ్ళి పక్క వరసలో కూర్చున్న హాలు యజమాని లోకనాథం కాలి మీద పడింది. ఆయన కెవ్వుమన్నాడు.

"చూశారా, రాయి తెచ్చుకోని వాళ్ళ ఏడుపు ఎలా ఉందో" అంది గవరమ్మ మొగుడితో.

ఆ మూడోనాడు దయ్యాల సినిమా పడింది. అల్లుడు ఈసారి కాస్త భయపడుతూనే చెప్పాడు. "పైప్రాణాలు పైనే పోతాయి మామయ్యా."

"అయితే కింద కూర్చుంటే సరి" అని పైడయ్య నేల టిక్కెట్లు కొన్నాడు. తీరా సినిమా మొదలయ్యాక తలెత్తి చూస్తే బాల్కనీ నిండా జనం. పైడయ్యకి మనసొప్పలేదు. తెర ముందుకెళ్ళి చేతులెత్తి, "అయ్యలారా, పైనున్న వాళ్ళంతా దిగిపోండి, ప్రాణాలు పోతాయి" అని అరిచాడు. ఇంకేముంది, మేడ కూలిపోతోందనుకుని బాల్కనీ జనమంతా మెట్ల మీద పడ్డారు. వాళ్ళని చూసి కిందివాళ్ళూ లేచారు. క్షణంలో హాలు ఖాళీ. చెప్పులు మాత్రం మిగిలాయి.

సాయంత్రం లోకనాథం కాలికి కట్టుతో, కర్ర పట్టుకుని ఇంటికొచ్చాడు. అత్తమామల్ని తిట్టి లాభం లేదని తెలిసినవాడు కాబట్టి, తిట్లన్నీ అల్లుడికే పెట్టి పోయాడు.

సన్యాసిరావు లేచి సంచీ సర్దుకున్నాడు. "రేపే బయల్దేరతాను అత్తయ్యా" అన్నాడు.

గవరమ్మ గుండె జారిపోయింది. "ఏం తప్పు చేశాం బాబూ? నువ్వన్నదల్లా చేశాం కదా. ఒక్క జానపదం బొమ్మ సంగతి చెప్పు, బుద్ధిగా చూసొస్తాం. ఆ తర్వాత నీ ఇష్టం."

ఆవిడ కళ్ళు చెమర్చడం చూసి అతని మనసు మెత్తబడింది. ఎవరికీ హాని చెయ్యని మాట కోసం వెతికి వెతికి, "చాలా బావుంటుందత్తయ్యా. చూస్తే ఇల్లూ వాకిలీ మరిచిపోతారు" అన్నాడు. మర్నాడు ప్రయాణం వాయిదా వేసి, మధ్యాహ్నం భోజనం చేసి, హాయిగా నిద్రపోయాడు.

"ఇల్లూ వాకిలీ మరిచిపోతే తిరిగి రావడమెలాగ?" అంది నూకాలు.

"ఇల్లు మొయ్యలేం. వాకిలి మొయ్యొచ్చు" అన్నాడు పైడయ్య. అంతే, వీధి తలుపు బందుల్లోంచి ఊడదీసి నెత్తికెత్తుకున్నారు. హాల్లో దాన్ని గోడకి ఆనించి, తెర వంక ఒక కన్ను, తలుపు వంక ఒక కన్ను వేసి సినిమా చూశారు.

పొద్దు వాలుతుండగా తలుపు మోసుకుంటూ తమ వీధిలోకే వచ్చారు. ఒక ఇంటికి తలుపు లేదు.

"ఇది మనది కాదు. మన తలుపు మన దగ్గరే ఉంది" అన్నాడు పైడయ్య.

గవరమ్మ లోపలికి తొంగి చూసింది. చీకట్లో ఎవరో ముసుగుతన్ని పడుకున్నారు. "పాపం, ఎవరి బిడ్డో. తలుపు దొంగలెత్తుకుపోయారు కాబోలు. మన తలుపు వీళ్ళకిచ్చేద్దాం. మనింటికి అల్లుడున్నాడు కాపలాకి."

ముగ్గురూ కలిసి తలుపు బందుల్లో దించారు. దొంగలు మళ్ళీ రాకుండా బయట గొళ్ళెం పెట్టి, తమ ఇల్లు వెతుక్కుంటూ ముందుకి సాగారు. నాలుగడుగులు వేశారో లేదో, వెనకనుంచి తలుపు దబదబా బాదిన చప్పుడు వినిపించింది.

"గట్టిగా ఉందో లేదో కొట్టి చూసుకుంటున్నాడు, తెలివైనవాడే" అంది గవరమ్మ, వెనక్కి తిరగకుండానే.